ఒక్క మాటతో ఒక నిఘంటువు పరీక్ష: ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలో ‘ఫ్యూ’

ఇంగ్లీషు నిఘంటువు కొనబోయేవారు సాధారణంగా అట్ట మీద వేసిన మాటల సంఖ్య చూసి, ఎక్కువ మాటలున్నదే మంచిదని నిర్ణయించుకుంటారు. ఆ లెక్క మీద నాకు ఎన్నడూ నమ్మకం కుదరలేదు. శాస్త్ర పరిభాషకో చట్టాల భాషకో చెందిన పెద్ద మాటకు అర్థం ఏ నిఘంటువైనా చెబుతుంది, ఎందుకంటే అలాంటి మాటకు అర్థమూ వాడే చోటూ ముందే నిర్ణయమై ఉంటాయి. రోజూ నోట్లో నానే చిన్న మాటల దగ్గరే నిఘంటుకారుడి పనితనం బయటపడుతుంది. అందువల్ల ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ని సమీక్షించడానికి ‘ఫ్యూ’ అనే ఒక్క మాటను ఎంచుకున్నాను. కొద్ది సంఖ్యను తెలిపే ఈ మాటను మన పిల్లలు చిన్న తరగతుల్లోనే నేర్చుకుంటారు గానీ, ఉద్యోగాల్లో స్థిరపడ్డాక కూడా దాని ముందు ‘ఎ’ పెట్టాలో వద్దో చాలామందికి తేలదు.

ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో ఉత్తరాల్లో కనిపిస్తుంది. “సర్, ఐ హావ్ ఫ్యూ డౌట్స్” అని విద్యార్థి అధ్యాపకుడికి రాస్తాడు, కొత్తగా చేరిన ఇంజనీరు టీమ్ లీడ్‌కు రాస్తాడు. ‘నాకు కొన్ని సందేహాలున్నాయి, తీర్చండి’ అని వారి ఉద్దేశం. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కూర్చుని చదివేవారికి ఆ ఉద్దేశం అందుతుంది, ఎందుకంటే వారూ అదే అలవాటులో పెరిగినవారు. అదే వాక్యాన్ని లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనిషి చదివితే ‘నాకు సందేహాలు పెద్దగా ఏమీ లేవు’ అని అర్థమవుతుంది. సహాయం కోరుతూ రాసిన ఉత్తరం సహాయం అక్కర్లేదని చెప్పినట్టవుతుంది. (‘డౌట్’ అన్న మాటకు అక్కడ అపనమ్మకం అనే ఛాయ ఉండటం మరో చిక్కు. ఇక్కడ దాని జోలికి పోను.) ‘ఎ ఫ్యూ’ అని రాసి ఉంటే ఈ గొడవే లేదు.

ఈ నిఘంటువు పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాని గుణమంతా ఆ పుట్టుకలోనే ఉంది. దీన్ని మొదలుపెట్టిన ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. తన తోటి ఉపాధ్యాయులు గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి ఆయన కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. దాన్నే ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1948లో మళ్లీ ప్రచురించింది. ఇంగ్లీషు పుట్టుకతో రానివారి కోసం, వారి తరగతి గదిలోనే తయారైన పుస్తకం కాబట్టి, ఇంగ్లీషువారు తమ కోసం రాసుకున్న నిఘంటువులు వదిలేసే సంగతులను ఇది పట్టించుకుంటుంది. ఏ నామవాచకాన్ని లెక్కపెట్టవచ్చు, దేన్ని లెక్కపెట్టకూడదు అన్నది ప్రతి మాట పక్కనా గుర్తుతో సహా చూపించే పద్ధతి అందులో ముఖ్యమైనది. నేను చూసినది 2020లో వచ్చిన 10వ ముద్రణ, దానితోపాటు ఇదే సంస్థ ఉచితంగా నడుపుతున్న వెబ్‌సైట్.

‘ఫ్యూ’ కింద ఇచ్చిన వివరణ చాలా పొదుపుగా ఉంది. మొదటి అర్థం: బహువచన నామవాచకంతో, బహువచన క్రియతో వాడినప్పుడు ‘ఎక్కువ కాదు’ అని. రెండో అర్థం: సాధారణంగా ‘ఎ ఫ్యూ’ రూపంలో వాడినప్పుడు ‘చిన్న సంఖ్య, కొన్ని’ అని. బహువచన నామవాచకం, బహువచన క్రియ అని రెండు చోట్లా విడివిడిగా చెప్పడం నాకు బాగా నచ్చింది. నేర్చుకునేవాడు తడబడేది అక్కడే కదా. ఉదాహరణలను కూడా శ్రద్ధగా ఎంచారు. మొదటి అర్థానికి ఇచ్చిన “ఫ్యూ పీపుల్ అండర్‌స్టాండ్ ద డిఫరెన్స్” అన్న వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ‘ఆ తేడా తెలిసినవారు కొద్దిమందే’ అవుతుంది. ఈ మాట విషయంలో అది అక్షరాలా నిజం కూడా. రెండో అర్థానికి ‘మాకు కొన్ని జవాబులు వచ్చాయి’, ‘కొట్టు నుంచి కొన్ని వస్తువులు కావాలి’ అని అర్థమిచ్చే మామూలు వాక్యాలున్నాయి. ‘కొన్ని వారాలకోసారి అమ్మానాన్నలను చూసి వస్తుంటాను’ అనడానికి ‘ఎవ్రీ ఫ్యూ వీక్స్’ అని వాడిన ఉదాహరణ నాకు మరీ ముఖ్యంగా తోచింది. ‘ఎవ్రీ’, ‘ద లాస్ట్’, ‘ద నెక్స్ట్’ లాంటి మాటలు ముందు వచ్చినప్పుడు ‘ఎ’ తప్పుకుంటుంది, అర్థం మాత్రం ‘కొన్ని’గానే నిలుస్తుంది. ‘ఎ’ లేదు కాబట్టి ‘దాదాపు లేవు’ అని బట్టీపట్టిన విద్యార్థి ఇలాంటి చోట బోల్తా పడతాడు. ఆ ఒక్క ఉదాహరణ అతన్ని కాపాడుతుంది.

అయినా ఆ రెండు నిర్వచనాలను మాత్రమే చదివి పుస్తకం మూసేస్తే అసలు విషయం చేతికి రాదు. ‘ఎక్కువ కాదు’, ‘చిన్న సంఖ్య’ అన్నవి పక్కపక్కన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి సంఖ్యలో తేడా లేదు, చెప్పేవాడి మనసులో ఉంది. సాహిత్య సభకు ముప్పై మందిని పిలిస్తే ఆరుగురు వచ్చారనుకుందాం. హాలు అద్దెకు తీసుకుని, కుర్చీలు వేయించి, వక్తను బస్టాండు నుంచి వెంటబెట్టుకు వచ్చిన నిర్వాహకుడు ‘ఫ్యూ’ అంటాడు. ఒక్కరైనా వస్తారో రారో అని భయపడుతూ వచ్చిన వక్త అదే ఆరుగురిని చూసి ‘ఎ ఫ్యూ’ అంటాడు. మొదటివాడు రానివారిని లెక్కపెడుతున్నాడు, రెండోవాడు వచ్చినవారిని. ఉదాహరణలన్నీ కలిపి చదివితే ఈ సంగతి పాఠకుడికి తడుతుంది గానీ, తెలుగు పాఠకుడికి దీన్ని ఒక్క క్షణంలో పట్టించే దారి మన భాషలోనే ఉంది. ఇంగ్లీషులోనే ఇంగ్లీషును వివరించే పుస్తకం ఆ దారి చూపించలేదు.

ఆ దారి మనం రోజూ వాడే రెండు చిన్న అక్షరాల్లో ఉంది. ‘కొందరు వచ్చారు’ అంటే ‘ఎ ఫ్యూ’, ‘కొందరే వచ్చారు’ అంటే ‘ఫ్యూ’. చివర చేరిన ఆ ‘ఏ’ కారం మొత్తం వాక్యాన్ని నిరాశ వైపు తిప్పుతుంది. తెలుగు బైబిలు అనువాదకులకు ఈ కీలకం బాగా తెలుసు. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో, ఇంగ్లీషులో ‘ఎ’ లేని ‘ఫ్యూ’ ఉన్న చోట, “పిలువబడినవారు అనేకులు, ఏర్పరచబడినవారు కొందరే” అని రాశారు. ‘కొందరు’ అని వదిలేసి ఉంటే ఆ వాక్యంలోని హెచ్చరిక పోయి, అది మామూలు సమాచారంగా మిగిలేది. 7వ అధ్యాయంలో ఇరుకు ద్వారం గురించి చెప్పేటప్పుడు కూడా దాన్ని కనుగొనువారు ‘కొందరే’ అని అదే పద్ధతి పాటించారు.

రెండో అక్షరం ‘ఓ’. ‘ఓ నాలుగు రోజులు ఉండి వెళ్లు’, ‘ఓ పది మందికి వంట చెయ్యి’, ‘మీతో ఓ రెండు మాటలు మాట్లాడాలి’ అంటాం. అక్కడ నాలుగు నాలుగు కాదు, పది పది కాదు. అంకె ముందు ‘ఒక’ చేర్చి ఆ సంఖ్యను మెత్తబరచి, ఇంచుమించు అనే అర్థం తెస్తున్నాం. ఏకవచనాన్ని తెలిపే మాటను బహువచనం ముందు పెట్టడం ఇంగ్లీషులో విడ్డూరంగా కనిపిస్తుంది గానీ, మన నోట్లో అది ఎప్పటి నుంచో ఆడుతున్నదే. ‘ఎ ఫ్యూ డేస్’లో ‘ఎ’ చేసే పనీ, ‘ఓ నాలుగు రోజులు’లో ‘ఓ’ చేసే పనీ చాలా దగ్గరివి. తరగతిలో నిర్వచనం చెప్పేకంటే ముందు ‘ఓ నాలుగు రోజులు ఉన్నాడు’, ‘నాలుగు రోజులే ఉన్నాడు’ అన్న రెండు వాక్యాలు బోర్డు మీద రాసి, ఏ వాక్యంలో చెప్పేవాడికి ఇంకా ఉంటే బాగుండునన్న బెంగ ఉందో పిల్లలనే అడగాలి. వాళ్లు వెంటనే చెబుతారు. ఆ తర్వాత నిఘంటువు తెరిస్తే దానిలోని ప్రతి ఉదాహరణా వాళ్లకు తెలిసినట్టే కనిపిస్తుంది.

లెక్కపెట్టగలిగేవాటికి ‘ఫ్యూ’, లెక్కపెట్టలేనివాటికి ‘లిటిల్’ అన్న విభజన దగ్గర ఈ నిఘంటువు మనకు చేసే మేలు చాలా పెద్దది. ఈ విషయంలో తెలుగు మనకు కొంత సాయం చేస్తుంది, కొంత దారి తప్పిస్తుంది. మనుషులకు ‘కొందరు’, వస్తువులకూ జంతువులకూ ‘కొన్ని’, రాశికి ‘కొంత’ అని మనకు మూడు మాటలున్నాయి. మొదటి రెండింటికీ ఇంగ్లీషులో ఒకే ‘ఫ్యూ’ సరిపోతుంది, మూడోదానికి ‘లిటిల్’ కావాలి. అంతవరకూ బాగానే ఉంది. చిక్కు నీళ్ల దగ్గరా పాల దగ్గరా వస్తుంది. తెలుగులో నీళ్లు బహువచనం, పాలు బహువచనం. ‘పాలు పొంగాయి’ అంటాం, ‘కాసిని నీళ్లు ఇవ్వండి’, ‘ఇంకొన్ని పాలు పొయ్యండి’ అంటాం. ఈ అలవాటుతో ఇంగ్లీషులోకి వెళ్లిన పిల్లవాడు ‘ఫ్యూ మిల్క్’ అంటే, అతను ఆలోచించకుండా అన్నాడని అనుకోకూడదు. తన భాషలోని వ్యాకరణాన్ని నమ్మకంగా వెంట తీసుకువెళ్లాడు, అంతే. ‘మిల్క్’ దగ్గరా ‘వాటర్’ దగ్గరా లెక్కపెట్టరాదని నిఘంటువు పెట్టిన చిన్న గుర్తును చూసే అలవాటు చేస్తే ఆ తప్పు పోతుంది. ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’, ‘ఫర్నిచర్’ లాంటి మాటలకూ ఇదే మందు. మనకు సలహాలు ఎన్నయినా ఉండవచ్చు గానీ, ఇంగ్లీషులో ‘ఎ ఫ్యూ అడ్వైసెస్’ ఉండవు. ‘ఎ లిటిల్ అడ్వైస్’ అనో ‘ఎ ఫ్యూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ అనో చెప్పాలి.

జాతీయాల విభాగంలో ‘క్వైట్ ఎ ఫ్యూ’ ఉంది. పైకి చూస్తే ‘మరీ కొద్ది’ అన్నట్టుండే ఈ పలుకుబడికి అర్థం ‘బాగానే, చాలామందే’ అని. ‘ఓన్లీ ఎ ఫ్యూ’లో ‘ఎ’ ఉన్నా ‘కొద్దిమందే’ అన్న నిరాశ తిరిగి వస్తుంది. ‘ద ఫ్యూ’ అంటే ఎంపికైన చిన్న గుంపు. 1940 ఆగస్టు 20న బ్రిటన్ పార్లమెంటులో చర్చిల్ యుద్ధ విమాన చోదకులను ఉద్దేశించి ‘ఇంతమంది ఇంత కొద్దిమందికి ఇంతగా రుణపడటం ఎన్నడూ లేదు’ అన్న భావంతో మాట్లాడిన తర్వాత, ఆ చోదకులకు ఆ దేశంలో ‘ద ఫ్యూ’ అన్నదే పేరుగా నిలిచిపోయింది. పోటీ పరీక్షలకు చదివేవారు ఈ మూడు రూపాలనూ విడిగా రాసుకోవడం మంచిది, ఎందుకంటే తప్పులు పట్టే ప్రశ్నల్లో ఇవి తరచూ వస్తుంటాయి.

అలాంటివారికి ఇంకొక విషయం కూడా చెప్పాలి. ‘ఎ’ లేని ‘ఫ్యూ’ పైకి కనిపించకపోయినా లోపల వ్యతిరేకార్థకం. అందుకే దాని వెనుక ‘సమ్’ బదులు ‘ఎనీ’ వస్తుంది, వాక్యం చివర ‘డిడ్ దే?’ అనే కొసప్రశ్న వస్తుంది. ‘ఎ ఫ్యూ’ ఉన్న వాక్యం చివర అయితే ‘డిడంట్ దే?’ అనాలి. పైగా ఈ వ్యతిరేకార్థక రూపం రాతకు, ఉపన్యాసాలకు నప్పేది. మామూలు సంభాషణలో ఇంగ్లీషువారు ‘నాట్ మెనీ’ అనే అంటారు. మనం కూడా అంతే కదా: పత్రికలో ‘కొద్దిమందే హాజరయ్యారు’ అని రాస్తాం, ఇంటికి వచ్చి ‘ఎక్కువమంది రాలేదు’ అని చెబుతాం.

‘ఫ్యూయర్’, ‘లెస్’ గొడవను ఈ నిఘంటువు పరిష్కరించిన తీరు నాకు చాలా గౌరవప్రదంగా తోచింది. తెలుగులో ‘తక్కువ’ అనే ఒక్క మాట తక్కువ మందికీ తక్కువ పాలకూ సరిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు సహజంగా రాదు. లెక్కపెట్టగలిగేవాటికి కూడా చాలామంది ‘లెస్’ వాడుతున్నారనీ, కొందరు దాన్ని సరైనదిగా ఒప్పుకోరనీ, అక్కడ ‘ఫ్యూయర్’ వాడాలని వారంటారనీ నిఘంటువు చెబుతుంది. వాడుకను దాచలేదు, నేర్చుకునేవాణ్ణి ప్రమాదంలోనూ పెట్టలేదు. ఈ నియమానికి ఉన్న చరిత్ర తెలిస్తే ఆ జాగ్రత్త విలువ ఇంకా తెలుస్తుంది. 9వ శతాబ్దపు ఆల్‌ఫ్రెడ్ రాజు రచనల్లోనే మాటల సంఖ్య గురించి ‘లెస్’ వాడిన చోటు ఉంది. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన వందకు తక్కువ కాదు అనేటప్పుడు ‘లెస్’ కంటే ‘ఫ్యూయర్’ తనకు మరింత సొగసుగా, సవ్యంగా తోస్తుందని రాశాడు. ఒక మనిషి తన అభిరుచిగా చెప్పిన మాట కాలక్రమంలో బడి నియమమై కూర్చుంది. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అన్న బోర్డులను వదిలి ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అన్న మాటలకు మారాయంటే, ఆ నియమం ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడవచ్చు. డబ్బు, దూరం, కాలం మాత్రం లెక్కపెట్టగలిగేవిగా కనిపించినా ‘లెస్’తోనే నడుస్తాయి: వంద రూపాయలకు లోపు, పది కిలోమీటర్ల లోపు అన్నప్పుడు ‘లెస్ దేన్’ అనే అనాలి.

‘ఎ ఫ్యూ’ అంటే కచ్చితంగా ఎన్ని అని పిల్లలు అడుగుతారు. నిఘంటువు అంకె చెప్పదు, చెప్పకపోవడమే సరైన పని. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నప్పుడు ఆ నలుగురినీ మనం లెక్కపెడతామా? పుంజీ అంటే నాలుగు అయినా, ‘పుంజీడు మంది కూడా లేరు’ అనే మాటలో వినిపించేది కొరత మాత్రమే. ‘కపుల్’ సాధారణంగా రెండు దగ్గర ఆగుతుందనీ, ‘సెవరల్’ రెండు దాటి మరీ ఎక్కువ కానిదనీ, ‘ఎ ఫ్యూ’ సందర్భాన్ని బట్టి సాగుతుందనీ చెబితే చాలు. రైలు పెట్టెలో కొద్దిమందికీ, ఊరి జనాభాలో కొద్దిమందికీ అంకె ఒకటి కాదు.

కొనే విషయానికి వస్తే, ఒంటరిగా చదువుకునేవారికి వెబ్‌సైట్ చాలు. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ అక్కడ వినవచ్చు, పెదవులు రెండూ కలిపి పలికే మన ‘ఫ’ అలవాటును దిద్దుకోవడానికి అది అచ్చు పుస్తకం ఇవ్వలేని సాయం. బడులకూ గ్రంథాలయాలకూ మాత్రం అచ్చు పుస్తకమే కొనమంటాను. తెరమీద మనం వెతికిన అర్థం చూసి వెళ్లిపోతాం. పుటలో అయితే ‘ఫ్యూ’ పక్కనే ఉన్న జాతీయాల మీద కూడా కన్ను పడుతుంది. ఇంకొంచెం సంభాషణ ధోరణిలో వివరణ కావాలనుకునేవారు 1987లో మొదట వచ్చిన కాలిన్స్ కోబిల్డ్‌ను చూడవచ్చు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో తయారైన ఆ నిఘంటువు అర్థాన్ని పూర్తి వాక్యంలో, మాటను వాడి చూపిస్తూ చెబుతుంది. ఇంగ్లీషు చదవడానికి ఇంకా భయపడే పిల్లలకు అది బాగా నప్పుతుంది.

బజారులో దొరికే చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులతో మాత్రం ఈ మాట నేర్చుకోవద్దని గట్టిగా చెబుతాను. ‘ఫ్యూ’ ఎదురుగా ‘కొన్ని, కొద్ది’ అని రాసి వదిలేసిన పుస్తకం ఆ రెండు తెలుగు మాటల మధ్య ఉన్న తేడాను కూడా తుడిచేస్తుంది. తెలుగు అర్థాలు ఇచ్చేవారు ‘ఫ్యూ’కు ‘కొందరే, కొన్నే’ అనీ, ‘ఎ ఫ్యూ’కు ‘కొందరు, కొన్ని, ఓ నాలుగు’ అనీ ఇస్తే ఒక్క వరుసలో పని పూర్తవుతుంది. అలాంటి పుస్తకం వచ్చేవరకు ఆక్స్‌ఫర్డ్ పుస్తకంలో ఆ మాట పక్కన పెన్సిలుతో ఈ తెలుగు రూపాలను మనమే రాసుకోవాలి. ఇందుకోసం 2020 ముద్రణే కావాలని లేదు. పాత పుస్తకాల కొట్టులో చవకగా దొరికే వెనకటి ముద్రణ అయినా ఈ మాట వరకు సరిపోతుంది.